ముంగాళ్లు

పొద్దున్న ఆరింటికే కంబాలకొండ గేటు దగ్గర
దేముడు థర్మకోల్ డబ్బా భుజాన పెట్టుకుని నిలబడి ఉంటాడు.
డబ్బాలో పొడి మంచు.
చేతికి గోనెపట్టా చుట్టుకుని రాత్రే ఆటోనగర్ నుంచి తెచ్చాడు.
అది కరగదు, నీరు కాదు,
అలా అలా ఊపిరైపోతుంది.

తెల్ల ఫ్లానెల్ గుడ్డ పరిచి
చిల్లులు పొడిచిన డబ్బా నడిమధ్యన పెడతాం.
మా ఊపిరి కలవకుండా గాలికి దిగువన పోయి కూర్చుంటాం.
ఇక్కడో పెద్ద జంతువు పడుకుని ఉందని
అడవికి మేం చెప్పే అబద్ధం అది.

గడ్డిపోచ కొసన గోమారి.
ఆవగింజలో సగం. కళ్లు లేవు.
వెనక కాళ్లతో పోచని కరుచుకుని
ముంగాళ్లు రెండూ గాలిలోకి చాచింది
బస్సు ఆపుతున్నట్టు.
ఏ బస్సో తెలియదు. ఏడాదైనా కాస్తుందిట, పూట మింగకుండా.
గొంతెండితే కిందికి దిగి
రాలిన ఆకుల చెమ్మ తాగి
మళ్లీ ఎక్కుతుందిట.

ముక్కు ఆ ముంగాళ్ల చివరే ఉంది.
మేడం మైక్రోస్కోపులో చూపించారు:
చిన్న గుంట, గుంటలో నాలుగు వెంట్రుకలు.
"ఊపిరి, చెమట పులుపు, మూత్రం ఘాటు,
అన్నీ దీనికి ఇక్కడే తెలుస్తాయి" అన్నారు.
నేను ఊరికే నా ముక్కు తడుముకున్నాను.

రెండో వేవ్‌లో పోయింది నా వాసన. మళ్లీ రాలేదు.
మల్కాపురం దాటేటప్పుడు బస్సంతా
ముక్కుకి జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుంటే
నేనూ పెట్టుకుంటాను, మర్యాదకి.
చేపలరేవులో ఎండురొయ్యల గుట్టల మధ్య నిలబడి
హాయిగా టీ తాగుతాను.
గ్యాసు వదిలేస్తే మా పెద్దది అరుస్తుంది, నాన్నా పొయ్యి అని.
రెండోది ఆ తర్వాత పుట్టింది.
దాని మాడు వాసన నాకు తెలియదు.

ముడసర్లోవ దిగువన పైడమ్మ
ఎర్రావు చెవి మడిచి పిడుదులు పీకుతోంది.
"ఏటి బాబూ, ఇన్ని గొడ్లుండగా
దీన్నే ఎందుకట్టుకుంటాయి?"
ఒక్కో ఒంటిది ఒక్కో వాసన అని చెప్పాను,
ముందు ఊపిరే పట్టిస్తుందని కూడా చెప్పాను.
"అయితే ఊపిరి తీడం మానేత్తే రావన్నమాట" అని నవ్వింది.
నవ్వుతూనే ఇంకోటి పీకి
కిరసనాయిలు డబ్బాలో వేసింది.
ఆవు తోక ఆడించింది.

నలభై నిమిషాలకి గుడ్డ మీద మొదటి చుక్క.
తర్వాత మూడు. తర్వాత లెక్క దేముడిది.
అన్నీ డబ్బా వైపే,
తడుముకుంటూ, ఆగుతూ, కాళ్లెత్తి గాలిని అడుగుతూ.

గాలి మళ్లినట్టుంది. నాకు తెలియలేదు, దానికి తెలిసింది.
అంచున ఒకటి ఆగింది.
ముంగాళ్లెత్తింది, కుడికి, ఎడమకి,
డబ్బా వైపు వీపు తిప్పి
నా మోకాలి వైపు నడవడం మొదలుపెట్టింది.
పొడి మంచుకి ఊపిరి ఉంది, చెమట లేదు.
నాకు రెండూ ఉన్నాయి.
రెండేళ్లుగా నాకే తెలియని నా ఒంటి సంగతి
అది అక్షరం అక్షరం చదువుకుంటూ వస్తోంది.
చిమటా చేతిలోనే ఉంది.
"సార్, పట్టండి" అన్నాడు దేముడు.
ఇంకో జానెడు రానిచ్చాను.

స్పిరిట్ సీసా మీద రాశాను:
ఆడది. ఆకలితో ఉంది. తొమ్మిదీ పది.

రాత్రి స్నానమయ్యాక మా ఆవిడ
టార్చి వేసి నా చెవుల వెనక, మెడ మీద వెతికింది.
ఏమీ లేవంది.
అంతలో ఆరిలోవ అంతా కరెంటు పోయింది,
టార్చీ ఆరిపోయింది.
చాప మీద పసిది కదిలింది.
నేను పిలవలేదు. అడుగు చప్పుడైనా చెయ్యలేదు.
కళ్లు తెరవకుండానే రెండు చేతులూ ఎత్తి
చీకట్లో అటూ ఇటూ ఆడించి
సరిగ్గా నేనున్న వైపు తిప్పింది.